చర్మనాదము – విద్యున్నాదము

సికింద్రాబాదునకు ఉత్తరమున, దండు ప్రాంతములో ఉన్న బొల్లారము మొదటినుండియు చప్పుడుతో సంబంధము కలిగిన ఊరు. నిజాము రాజ్యములో ‘హైదరాబాదు కంటింజెంటు’ అను సైన్యమునకు ఇది ముఖ్యస్థావరము. దండు ఉన్నచోట కవాతు ఉండును. కవాతు ఉన్నచోట భేరి ఉండును. నేడు రాష్ట్రపతి నిలయమని పేరుపొందిన భవనమును 1860లో కట్టిరి. హోలీ ట్రినిటీ చర్చి అంతకంటె పాతది, 1847 నాటిది. ఈ రెంటిని చూచుటకు వచ్చువారు పలువురు. కాని ఇదే బొల్లారములో ఒక ఊరేగింపు చప్పుడు రక్తపాతమునకు దారితీసిన సంగతి తెలిసినవారు తక్కువ.

1855 సెప్టెంబరు మాసము. మొహరము దినములు. పండుగ దినములలో ఒక ఆదివారము తగిలినది. క్రైస్తవులకు అది ప్రార్థనదినము గనుక ఆనాడు దండులో ఊరేగింపులు, వాద్యఘోషలు కూడదని ఆజ్ఞ వెలువడెను. సిపాయిలలో అసంతృప్తి రగిలినది. ఊరేగింపు ఒకటి పెద్ద చప్పుడుతో తన నివాసము దాపున పోవుచుండగా బ్రిగేడియరు కాలిన్ మెకంజీ స్వయముగా బయటికి వచ్చి ఆపబూనెను, జెండాలను లాగికొనెను. అంతట మూడవ అశ్వదళపు రౌతులు ఆయనపై పడి కత్తులతో నరికిరి. తీవ్రముగా గాయపడియు ఆయన ప్రాణములతో బయటపడెను. పై ప్రభుత్వము తిరుగుబాటును ఖండించుచునే, బ్రిగేడియరు తొందరపాటును కూడ తప్పుపట్టెను. దేశమంతయు అట్టుడికిన 1857కు ఇది రెండేండ్లు ముందటి మాట.

2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే యంత్రముల మోతను నిషేధించిరి. ఇప్పటి ఆజ్ఞకు కారణము వేరు: ముసలివారి గుండె, పసిపిల్లల చెవి, విద్యార్థుల చదువు. రెండు ఆజ్ఞల నడుమ నూటఅరువదితొమ్మిది సంవత్సరములు గడచినవి. ఈ కాలములో చప్పుడును గూర్చిన తగవు మారలేదు గాని, చప్పుడు స్వరూపము మాత్రము పూర్తిగా మారినది. ఆనాటి మోత తోలుపై మనుష్యుని చేయి పడినంతసేపే ఉండెడిది. ఈనాటి మోత పెట్టెలో దాచిపెట్టిన మోత. ఎవరు కొట్టిరో, ఎప్పుడు కొట్టిరో తెలియదు. మీట నొక్కినంతకాలము మ్రోగుచునే ఉండును.

ఈ రెండు మోతలను ఒకే పాటలో కలుపుట నేటి రికార్డింగు స్టూడియోలలో నిత్యకృత్యమైనది. సినిమా పాట కాని, బోనాల పాట కాని, బతుకమ్మ పాట కాని, తోలువాద్యము ఒకప్రక్కను విద్యుద్వాద్యము ఒకప్రక్కను లేకుండ బయటికి వచ్చుట అరుదు. రెంటిని కలుపుట వినుటకు సులభము, చేయుటకు కాదు. పాలును నీళ్లును కలసినట్లు అవి కలసిపోవు. కొంత భౌతికశాస్త్రము, కొంత చెవి, కొంత ఓర్పు కావలెను. ఆ పైన ఒక మనుష్యుని కూటి ప్రశ్న కూడ ఇందులో ఇమిడియున్నది.

ముందుగా పాశ్చాత్యుల ‘డ్రమ్ సెట్టు’ సంగతి. సినిమా వాద్యబృందములో ఒక్కడే కూర్చుండి రెండు చేతులతో, రెండు కాళ్లతో వాయించు ఆ వాద్యసముదాయము దండులోనుండి పుట్టినదే. కవాతు బ్యాండులో పెద్ద భేరిని ఒకడు, అడుగున తీగలు బిగించిన చిన్న డ్రమ్మును ఒకడు, కంచు తాళములను మరియొకడు వాయించుదురు. ముగ్గురికి జీతమీయలేని నాటకశాలలవారు ఒకనిచేతనే అన్నియు వాయింపజేయు ఉపాయము వెదకిరి. 1909 ప్రాంతమున అమెరికాలోని షికాగోలో లడ్విగ్ సోదరులు కాలితో త్రొక్కగనే పెద్ద భేరిని గట్టిగా, వేగముగా కొట్టగల పెడలును తయారుచేసి అమ్మిరి. దానితో ముగ్గురి పని ఒకనిదైనది. ఇద్దరి ఉపాధి పోయినదని అప్పుడు ఎవరైనను దుఃఖించిరో లేదో! యంత్రము వచ్చి వాద్యకాని కడుపు కొట్టినదని నేడు వాపోవువారు, డ్రమ్ సెట్టే అట్టి యంత్రములలో మొదటిదని తలచికొనుట మంచిది.

సికింద్రాబాదు దండునకు తోలువాద్యముతో మరియొక బంధుత్వము కలదు. ఉజ్జయిని మహంకాళి దేవాలయపు స్థలకథనము ప్రకారము, సైన్యములో డోలీ మోయు ఉద్యోగియైన సురిటి అప్పయ్య 1813లో తన దళముతో ఉజ్జయినికి పోయెను. అప్పుడు ఇక్కడ మహమ్మారి చెలరేగినది. అది శమించినచో అమ్మవారిని తెచ్చి నిలుపుదునని మ్రొక్కుకొని, తిరిగివచ్చిన పిమ్మట 1815లో ఆ మ్రొక్కు తీర్చెను. ఆషాఢమాసములో బోనమెత్తిన స్త్రీల ముందు, పోతరాజు ముందు మ్రోగునది డప్పు. హైదరాబాదు పెండ్లి ఊరేగింపులలో వినవచ్చు మర్ఫా వాద్యము సముద్రము దాటి వచ్చినది. నిజాము కొలువులోని ఆఫ్రికా జాతుల అశ్వసైనికుల సంతతివారు దానిని ఇక్కడ నాటిరి. వారు నివసించిన పేటకు ఏ.సీ. గార్డ్సు అను పేరు నేటికిని నిలిచియున్నది. ఇప్పుడు అదే వీధులలో పెండ్లివారు ‘ప్యాడ్ బ్యాండు’ను పిలిపించుచున్నారు. రబ్బరు పలకలపై కఱ్ఱలతో కొట్టగా బండిపైనున్న పెట్టెలలోనుండి తీన్‌మార్ దరువు వెలువడును. వీధిలో జరిగినదే స్టూడియోలోను జరుగుచున్నది.

ఇక తోలు ఏమి చేయునో చూడవలెను. బిగించిన తీగను మీటినచో అది ఒక మూలస్వరమును, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా పైస్వరములను పలుకును. అందుచేతనే వీణ పలుకు చెవికి ఇంపు. గుండ్రని తోలు అట్లు పలుకదు. దాని మూలస్వరము 1 అనుకొన్నచో పైస్వరములు సుమారు 1.59, 2.14, 2.30 వంతులుగా ఉండును. ఈ అంకెలకు పొత్తు కుదురదు; కావున వట్టి తోలు చప్పుడుగా వినిపించును గాని స్వరముగా వినిపింపదు. మృదంగము, తబలా ఇందుకు భిన్నములు. వాటి నడుమ నల్లగా పూసిన కరణి తోలు బరువును మార్చి పైస్వరములను తీగ దారికి తెచ్చును. ఈ రహస్యమును శాస్త్రీయముగా వెల్లడించినవాడు సర్ సి. వి. రామన్. 1920లో శివకాళికుమార్‌తో కలసి ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసమును, 1934లో విస్తారమైన మరియొక వ్యాసమును ఆయన ప్రకటించెను. నోబెలు బహుమానము తెచ్చిన కాంతి పరిశోధనకు ముందును వెనుకను కూడ ఆ మహనీయుని చెవి మృదంగముపై ఉండెనన్నమాట. పాఠశాలలో ఉపాధ్యాయులు డప్పు నొకదానిని బల్లపై పరచి, సన్నని పొడి ఇసుక చల్లి, అంచున మెల్లగా తట్టి చూపవచ్చును. కదలనిచోట్ల ఇసుక గీతలు కట్టి నిలుచును. ఆ గీతలే పైస్వరముల ఆనవాళ్లు.

డప్పునకు కరణి లేదు. కొయ్యచట్రముపై తోలు, కుడిచేత సిర్ర, ఎడమచేత సన్నని చిటికెన పుల్ల, అంతే. సిర్ర నడుమ పడినప్పుడు లోతైన మోత. చిటికెన పుల్ల అంచున తగిలినప్పుడు చురుకైన టంకారము. వాయించుటకు ముందు గడ్డిమంటపై సెగ చూపుదురు. తేమ ఆరి తోలు బిగిసి గొంతు విచ్చుకొనును. వానకాలపు గాలి తగిలినచో మరల సడలును. బోనాల పండుగ ఆషాఢములో వచ్చుటచేత, డప్పు గొంతు మాటిమాటికి దిగజారు దినములలోనే దాని అవసరము హెచ్చుట ఒక విచిత్రము.

విద్యుద్వాద్యముల కథ పలువురు అనుకొనునంత క్రొత్తది కాదు. 1931లోనే లియోన్ థెరెమిన్, హెన్రీ కోవెల్ అను సంగీతవేత్త కొరకు ‘రిథ్మికాన్’ అను తాళయంత్రమును నిర్మించెను. 1959లో వుర్లిట్జర్ కంపెనీ ‘సైడ్‌మాన్’ను అమ్మకమునకు పెట్టెను. ఐనను అసలు మలుపు 1980లో వచ్చినది. ఆ సంవత్సరము రెండు యంత్రములు పుట్టినవి. జపాను వారి రోలాండ్ టీఆర్-808 విద్యుత్తరంగములతోనే మోతను సృష్టించును. నిజమైన డ్రమ్మును అది అనుకరింపజాలదు, కాని తనదంటూ ఒక లోతైన గుమ్మనుమ్రోత దానికి కలదు. అమెరికావాడైన రోజర్ లిన్ నిర్మించిన ఎల్ఎం-1 వేరు దారి త్రొక్కినది. నిజమైన డ్రమ్ములను కొట్టించి, ఆ దెబ్బలను అంకెలుగా మార్చి చిప్పులలో దాచి, కోరినప్పుడు విడుదల చేయును. నేటి విద్యుద్వాద్యములలో అధికభాగము ఈ రెండవ సంతతికి చెందినవి. అనగా పెట్టెలోనుండి వినవచ్చునది కూడ ఒకప్పుడు ఎవరో ఒకరు తోలుపై కొట్టిన దెబ్బయే.

1981లో ఆరుమూలల పలకలతో సిమన్స్ వారి వాద్యము, 1985లో ఎనిమిది పలకల రోలాండ్ ఆక్టాప్యాడు వచ్చినవి. ఆక్టాప్యాడు మన దేశపు వాద్యబృందములలో హార్మోనియమువలె ఇంటివస్తువైపోయినది. పలక క్రింద పీజో బిళ్ల యుండును. ఒత్తిడి పడినప్పుడు కొన్ని స్ఫటికములలో విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. పని చేయుచున్నది ఆ సూత్రమే. దెబ్బ బలమును బట్టి పుట్టిన విద్యుత్తును యంత్రము 1 మొదలు 127 వరకు ఒక అంకెగా చదువును. 1983లో వాద్యయంత్రములన్నిటికిని ఉమ్మడి భాషగా ఏర్పడిన ‘మిడి’ పద్ధతి ఈ మెట్లను నిర్ణయించెను. నూటఇరువదియేడు మెట్లు చాలునా? చాలుననియే తోచును. కాని డప్పుకాని మణికట్టులో మెట్లు లేవు, ఏటవాలే యున్నది. బలము మారుటతోపాటు తగిలిన చోటు, కఱ్ఱ వాలు, తోలు సెగ అన్నియు కలసి ఏ రెండు దెబ్బలను ఒక్కటిగా ఉండనీయవు.

మదరాసు స్టూడియోలలో తెలుగు పాటలు రికార్డు చేయుచుండిన తొలి దశాబ్దములలో గాయకులు, వయొలిన్లు, ఢోలకులు, తబలాలు, డ్రమ్ములు అందరును ఒకే హాలులో ఒకేసారి వాయించెడివారు. ఒకరు తప్పినచో అందరును మొదటినుండి. 1980 తరువాత పరిస్థితి మారెను. 1986లో ‘విక్రమ్’ అను తమిళచిత్రపు పాటకు ఇళయరాజా కంప్యూటరును ఉపయోగించెను. సాలూరి రాజేశ్వరరావుగారి కుమారుడు కోటి, టి. వి. రాజుగారి కుమారుడు రాజ్ జంటగా సంగీతము సమకూర్చిన తెలుగుచిత్రములలో కీబోర్డు వాయించిన యువకుడు ఒకడు, 1992లో ‘రోజా’తో దేశమునకు పరిచితుడయ్యెను. ఆయన ఏ. ఆర్. రహమాన్. యంత్రముపై దరువును ముందే అల్లి, దానిపై శివమణి వంటి వాద్యకారుల సజీవమైన మోతలను పొరలు పొరలుగా పేర్చు పద్ధతి ఆ తరువాత దక్షిణదేశమంతట వ్యాపించినది. అంతకు పది సంవత్సరములు ముందే, 1982లో బొంబాయి స్టూడియోలలో వాయించుచుండిన చరణ్‌జిత్ సింగ్ 808 యంత్రముతో రాగములను వాయించి ఒక రికార్డు విడుదల చేసెను. ఎవరును కొనలేదు. ఇరువది సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట పాశ్చాత్యులు దానిని త్రవ్వి తీసి ఆశ్చర్యపడిరి. ముందుగా పుట్టుట కూడ ఒక నేరమే కాబోలు!

ఇప్పుడు బొల్లారములో ఒక మేడగదిని స్టూడియోగా మార్చుకొన్నట్లు అనుకొనుడు. బోనాల పాట ఒకటి రికార్డు కావలెను. నలుగురు డప్పుకారులు వచ్చిరి; కంప్యూటరులో 808 వంటి గుమ్మనుమ్రోత సిద్ధముగా ఉన్నది. మొదటి విఘ్నము బయటినుండియే. సమీపమున హకీంపేట వైమానిక స్థావరము. శిక్షణ విమానము పైనుండి పోవుచున్నంతసేపు సున్నితమైన మైకు దాని హోరునే వినును. మరియొకవంక రైలు. యంత్రమునకు ఈ బాధ లేదు. దాని దెబ్బ గాలిలోనికి రాకుండగనే తీగలో నడచును. అర్ధరాత్రియైనను పొరుగువారు తలుపు తట్టరు. ఇరుకు ఇండ్ల మధ్య స్టూడియోలు పెట్టుకొన్నవారు విద్యుద్వాద్యమునకు మొగ్గుటకు కారణము కళాభిరుచి కంటె ఈ పొరుగు భయమే యెక్కువ.

రెండవది కాలప్రమాణము. యంత్రము నిముషమునకు 120 దెబ్బలన్నచో మొదటి నిముషము 120, పదవ నిముషము 120. డప్పు అట్లు నడువదు. ఆట వేడెక్కినకొలది దరువు ముందుకు ఉరుకును. అమ్మవారి ముందు పూనకము వచ్చినప్పుడు ఇంకను ఉరుకును. అది తప్పు కాదు, దాని ప్రాణము. సాధారణముగా స్టూడియోలలో చెవులకు తొడుగు పెట్టి, ‘టిక్కు టిక్కు’మను గడియారపు చప్పుడును వినిపించి, దానిని అనుసరింపుమని వాద్యకారుని ఆజ్ఞాపించుదురు. అలవాటు లేని డప్పుకారుడు బెదరును. చేయి బిగియును. కొట్టుచున్నది డప్పునే కాని వినిపించునది డప్పు కాదు. ఇంతకంటె మేలైన దారి ఒకటి కలదు. మొదట డప్పుకారులను తమ ఇచ్చకు వాయింపనిచ్చి, ఆ నడకను కంప్యూటరుచేత కొలిపించి, యంత్రమునే ఆ కొలతకు నడిపించుట. కంప్యూటరు ఎంత త్వరపడుమన్నను త్వరపడును. దానికి అభిమానము లేదు. పని రెట్టింపగును గనుక తొందరలో ఉన్నవారు ఈ దారి త్రొక్కరు. త్రొక్కినవారి పాటలలో తేడా మొదటి చరణము ముగియకముందే తెలియును.

మూడవది శ్రుతి. చల్లని గదిలో గడ్డిమంట వేయరాదు. బయట సెగ చూపి తెచ్చిన డప్పు కొంతసేపటికే గొంతు దించును. ఉదయము కొట్టిన పల్లవికి మధ్యాహ్నము కొట్టిన చరణము అతుకదు. యంత్రము శ్రుతి మాత్రము ఇనుపగుంజవలె కదలదు. కావున ఓర్పు గల రికార్డిస్టు ఒక్కొక్క వరుసకు ముందు డప్పు ఒక దెబ్బను నమూనాగా తీసికొని పోల్చుకొనును; గుమ్మనుమ్రోత శ్రుతిని దానికి తగినట్లు అరస్వరము దించును లేదా ఎత్తును. ఇక్కడ కూడ వంగవలసినది యంత్రమే.

అన్నిటికంటె చిక్కైనది కాలములోని వెంట్రుకవాసి తేడా. డప్పు దెబ్బను రెండు విధముల పట్టవచ్చును: ఎదుట మైకు పెట్టి, లేక తోలుకు చిన్న పీజో బిళ్లను అంటించి. రెండవ పద్ధతిలో ప్రతి దెబ్బకును బిళ్ల సంకేతమిచ్చును. కంప్యూటరు వెంటనే దాచియుంచిన మరియొక దెబ్బను జతపరచును. డప్పుకారుడు ఒకటి కొట్టినచో రెండు మ్రోగును: తనది, పెట్టెది. బలహీనమైన దెబ్బకు ఊతమిచ్చుటకు ఈ పద్ధతిని లోకమంతట వాడుచున్నారు. కాని రెండు దెబ్బలును ఒకే క్షణమున పడవు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా మైకు 1.7 మీటర్ల దూరమున ఉన్నచో దెబ్బ దానిని చేరుటకు 5 మిల్లీసెకన్లు పట్టును. కంప్యూటరుకు తన ఆలస్యము వేరుగా కలదు. సెకనుకు 44,100 వంతులుగా ధ్వనిని కోయుచు, 256 వంతులు ప్రోగైన పిమ్మట గాని పని మొదలుపెట్టకున్నచో, 5.8 మిల్లీసెకన్ల ఆలస్యము. ఇంత స్వల్పమైన తేడాను రెండు దెబ్బలుగా చెవి విడదీయలేదు. ఐనను మోసము జరిగిపోవును.

ఎట్లనగా, సెకనుకు 100 కంపనములు గల లోతైన ధ్వనికి ఒక్కొక్క కంపనము 10 మిల్లీసెకన్లు. మొదటి సగము గాలిని ముందుకు నెట్టును, రెండవ సగము వెనుకకు లాగును. అదే ధ్వని సరిగా 5 మిల్లీసెకన్లు ఆలస్యముగా వచ్చి కలసినచో, ఒకటి నెట్టునప్పుడు మరియొకటి లాగును. రెండును సమబలము గలవైనచో ఆ లోతు మాయమగును. ఒకటికి ఒకటి కలిపినప్పుడు రెండు కావలసినది సున్న యగుట గణితపు అయ్యవార్లకు వింత కాకపోవచ్చును. కాని బలము కొరకు పెట్టెదెబ్బను జతచేసి, ఉన్న బలమును పోగొట్టుకొన్న రికార్డిస్టుకు అది తలనొప్పి. వైద్యము సులభమే. కంప్యూటరు తెరపై రెండు దెబ్బల గీతలను ఒకదాని క్రింద ఒకటి నిలిపి, వెనుకబడినదానిని ముందుకు జరిపి, శిఖరములు కలియునట్లు చేయవలెను. ఇట్టిదే మరియొకటి. డప్పు ముందొక మైకు, వెనుకొక మైకు పెట్టినచో, సిర్ర పడగానే తోలు ఒకదానినుండి దూరముగను, మరియొకదానికి దగ్గరగను కదలును. రెంటి గీతలును తలక్రిందులగును. ఒకదానిని తిరుగవేయు మీట ప్రతి స్టూడియో బల్లపైన కలదు. నొక్కవలెనను జ్ఞాపకమే తరచుగా ఉండదు.

పిమ్మట చోటు పంపకము. డప్పు నడిమిమోతకును, యంత్రపు గుమ్మనుమ్రోతకును అట్టడుగున తగవు వచ్చును. ఇద్దరు ఒకే పీటపై కూర్చుండజాలరు. అడుగుభాగమును, సుమారు 50 కంపనముల ప్రాంతమును, యంత్రమునకు విడిచి, డప్పులో అంత లోతును కోసివేసి, నడుమను పైభాగమును డప్పుకే ఈయవలెను. ఇది అన్నదమ్ముల పంపకము వంటిది. పొరపాటు జరిగినచో ఇద్దరికిని నష్టము. తాళములు, జేగంటలు వంటి కంచువాద్యములను మాత్రము యంత్రమునకు అప్పగింపరాదు. కంచుమ్రోత చల్లారునంతవరకు రంగులు మార్చుచునే యుండును. దాచియుంచిన మ్రోతకు ఆ ఓపిక లేదు. 1980 తరువాత పాశ్చాత్యులు విద్యుత్పలకలపై డ్రమ్ములను వాయించుచున్నప్పుడును, తాళములను నిజమైనవానినే తగిలించుకొనుట ఇందుచేతనే.

గది గాలి అనునది ఒకటి కలదు. డప్పు దెబ్బలో గోడల ప్రతిధ్వని కొంత అంటియుండును. యంత్రపు దెబ్బ ఎండుగడ్డివలె పొడిగా ఉండును. రెంటిని ప్రక్కప్రక్కన వినిపించినచో ఒకడు పందిటిలోను, మరియొకడు పెట్టెలోను ఉన్నట్లు తోచును. దీనికొక ముచ్చటైన ఉపాయము. యంత్రపు దెబ్బను స్పీకరులో పెట్టి అదే గదిలో మ్రోగించి, డప్పు ముందుంచిన మైకులతోనే మరల పట్టుకొనుట. స్పీకరును తోలుకు దగ్గరగా పెట్టినచో తోలు కూడ వణకి తన మాట కలుపును. విద్యుత్తు తోలును కొట్టి పలికించుట అన్నమాట.

ఇవి కాక, ఒకే దెబ్బను మాటిమాటికి వినిపించు పెట్టెల దోషము కలదు. పదునారుసార్లు వచ్చిన దరువులో పదునారును అచ్చుగ్రుద్దినట్లున్నచో చెవి దానిని తుపాకిమోతగా గుర్తించి విసుగుకొనును. అందుచేత మేలైన యంత్రములలో ఒక్కొక్క బలమునకు పలు దెబ్బలను కొట్టించి దాచి, వంతులవారీగా విడుదల చేయుదురు. అందుకొరకు ఒక వాద్యకారుని రోజంతయు కూర్చుండబెట్టి, మెల్లగా, కొంచెము గట్టిగా, ఇంకను గట్టిగా, నడుమను, అంచున, సిర్రతో, పుల్లతో వందలకొలది దెబ్బలు కొట్టింతురు. దరువు లేదు, పాట లేదు, ఆట లేదు, ఒక్కొక్కటిగా దెబ్బలు.

ఇక్కడ కూటి ప్రశ్న వచ్చును. ఆ రోజుకు కూలి ముట్టును. మరునాటినుండి ఆ దెబ్బలు ఎన్ని పాటలలోనైనను మ్రోగవచ్చును. మ్రోగిన ప్రతిచోటను ఒక డప్పుకారుని పిలువవలసిన పని తప్పును. తన చేతి దెబ్బయే తనకు పోటీ యగుట ఇదివరకు ఏ వృత్తివానికిని కలుగని అవస్థ. ఇంగ్లండులో 1982లో సంగీతకారుల సంఘపు లండను శాఖ ఒకటి సింథసైజర్లను, తాళయంత్రములను నిషేధింపవలెనని తీర్మానించెను. తీర్మానము కాగితముపై నిలిచినది, యంత్రములు నిలువలేదు. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కును కల్పించెను. 2012 సవరణ వాణిజ్యోపయోగముపై ప్రదర్శకునికి రాయల్టీని అంగీకరించెను. ప్రదర్శకుడనగా ఎవరని చెప్పుచు ఆ చట్టము నటుని, గాయకుని, వాద్యకారుని, నర్తకునితోపాటు గారడీవానిని, పాములవానిని కూడ పేర్కొన్నది. పాములవానికి చోటిచ్చిన చట్టములో డప్పుకారునికి చోటు లేకపోదు. కాని ముక్కలు ముక్కలుగా కొట్టించి దాచిన ఒక్కొక్క దెబ్బ ప్రదర్శన యగునా? ఆ దెబ్బలను అమ్మునప్పుడు వ్రాయించుకొను కాగితములో ఏమున్నదో చదివి సంతకము చేయు డప్పుకారులు ఎందరు? తరతరములుగా చావుకు, జాతరకు, చాటింపునకు పిలిపించుకొని, అరుగు క్రిందనే నిలువబెట్టిన సమాజము అతనికి కాగితము చదివి వినిపింపవలసిన బాకీ పడియున్నది. పెండ్లికి ప్యాడ్ బ్యాండును పిలిచిన ఇంటివారు కూడ చావుకు డప్పునే పిలుచుట గమనింపదగినది.

ఐనను కథ ఒకవైపే నడచినదని చెప్పరాదు. 2023 మార్చిలో ఆస్కారు బహుమానము పొందిన ‘నాటు నాటు’ పాటను కీరవాణి ఆరు మాత్రల ఊరినడకపై కట్టెను. ఆ నడక జాతరలలో కాళ్లకు తెలిసినదే. తెలంగాణ ఉద్యమపు సభలలో జనమును లేపినది పెట్టెదరువు కాదు, డప్పు. స్టూడియోలలో తోలుకు గిరాకి పోయినదని చెప్పుటకంటె, తోలు తెలిసిన రికార్డిస్టునకు గిరాకి పెరిగినదని చెప్పుట సత్యమునకు దగ్గర.

పాట ముగిసినది. మేడగదిలో పెద్ద స్పీకర్లపై వినిరి. యంత్రపు గుమ్మనుమ్రోత నేలను వణికించినది, డప్పు దానిపై నిలిచినది. అనుభవజ్ఞుడైన రికార్డిస్టు అక్కడితో తృప్తిపడడు. జేబులోని ఫోనును తీసి అందులో వినును. వినువారిలో అధికసంఖ్యాకులు దానిలోనే విందురని అతనికి తెలియును. ఫోను స్పీకరు గోరంత. అట్టడుగు ధ్వనులను అది పలుకలేదు. రోజంతయు శ్రుతి కుదిర్చి, కాలము సరిచేసి, చోటు పంచి యిచ్చిన ఆ గుమ్మనుమ్రోత అందులో దాదాపు వినిపింపదు. వినిపించునది డప్పు అంచుపై చిటికెన పుల్ల చేయు టంకారము.